జరిగే గూడు

మా పేరు చెప్పగానే మీకు కత్తి గుర్తొస్తుంది. రేపల్లె బస్సులో పక్కన కూర్చున్నావిడ పేరడుగుతుంది. చెప్తాం. 'మీది మాంసం కొట్టా?' అంటుంది. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఏ ఊరమ్మా అన్నంత మామూలుగా అడుగుతుంది. మాకు గుచ్చుకునేది ఆ మామూలుతనమే. కథల్లో చూడండి, సినిమాల్లో చూడండి. గళ్ళ లుంగీ, మెళ్ళో తాయెత్తు, చేతిలో కత్తి, ఒక సాయిబు. ఆ సాయిబు కోసే కోడిని గుడ్డుగా ఉన్నప్పుడు దీపానికి అడ్డం పెట్టి చూసి, పొదుగేసి, పిల్లయ్యాక గద్ద నోట పడకుండా కాచిన ఆడమనిషి ఏ కథలోనూ కనపడదు.

కోసి అమ్మేవాళ్ళని చిన్నబుచ్చటానికి ఈ మాట అనటం లేదు. అది చలిలో తెల్లారగట్ల లేచి చేసే పని, ఒళ్ళు అరగదీసుకునే పని. మా ఇంట్లోనూ చికెన్ కొట్టు ఉంది. మేం అడిగేది ఒకటే. కోసేవాళ్ళుగా మమ్మల్ని అంత తేలిగ్గా పోల్చుకుంటారే, పెంచేవాళ్ళుగా ఎందుకు పోల్చుకోరు?

సర్కారు కాయితమూ అంతే. 2007లో ముస్లింలలో 14 తరగతుల్ని బి.సి.–ఇ కింద చేర్చారు. ఆ జాబితాలో అత్తరు సాయిబులున్నారు, బట్టలుతికేవాళ్ళున్నారు, క్షవరం చేసేవాళ్ళున్నారు, ఎలుగుబంటిని ఆడించేవాళ్ళున్నారు, ఖసాబులున్నారు. కోళ్ళు పెంచేవాళ్ళు అన్న మాట లేదు. మేం 'షేక్' అన్న గడిలో పడ్డాం. షేక్ అంటే ఏం పని చేసేవాళ్ళో ఆ కాయితానికీ తెలీదు.

మేం అంటే ఎవరో చెప్పాలి కదా. మాది పెనుమూడి. రేపల్లె మండలం, కృష్ణ ఒడ్డు. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత బాపట్ల జిల్లా. ఏటి అవతల పులిగడ్డ, దివిసీమ. వారధి లేని రోజుల్లో మా దాదా పడవ దాటి అవతలి ఊళ్ళలో కోళ్ళు కొనుక్కొచ్చేవాడట. మేం అంటే అమ్మీ, ఇద్దరు కోడళ్ళు, పెళ్ళయి పిల్లాడితో పుట్టింటికి వచ్చేసిన కూతురు. నలుగురం. ఇది నలుగురం కూర్చుని చెప్పుకుంటూ రాసుకున్నది. అందుకే ఇందులో 'నేను' లేదు.

మా దాదీమాకి పది పన్నెండు పెట్టలుండేవి. పెట్ట పొదుగుకొస్తే పది పన్నెండు గుడ్లు పెట్టి కూర్చోబెట్టేది. ఇరవయ్యొక్క రోజులకి పిల్లల్ని దింపేది. ఆ పిల్లలకి మొదటి నెల గండం. పైన గద్ద, కాకి. కింద పిల్లి, ముంగిస, కుక్క. అందుకని వెదురు బద్దల గంప కింద తల్లిని కమ్మేది. గంప బెజ్జాల్లోంచి పిల్లలు బయటికొచ్చి ఇంత మేసి మళ్ళీ లోపలికి దూరేవి. తల్లి లోపలుంటే అవి ఎక్కడికీ పోవు. గద్ద నీడ కనపడగానే తల్లి ఒక కూత వేసేది, అన్నీ లోపలికి.

అయితే గంప ఒకే చోట ఉంటే అక్కడ చీమ మిగలదు, గరిక మిగలదు, పెంట మిగులుతుంది. అందుకని జాముకోసారి దాదీమా కేక వేసేది, 'గంప జరపండే!' అని. పొద్దున ఎండ కోసం వాకిట్లో, మధ్యాన్నం తూర్పు గోడ నీడన, సాయంత్రం పేడకుప్ప పక్కన. పాత కుండలో పేడా గడ్డీ కుక్కి, తడిపి, చెదపుట్ట దగ్గర బోర్లించేది. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. పిల్లలకి అంతకన్నా మంచి మేత లేదు. గుడ్ల డబ్బులు ఆమె కొంగున ఉండేవి. ఇంట్లో ఉప్పూ, సబ్బూ, మా ముక్కుపుడకలూ ఆ కొంగులోంచే వచ్చాయి.

ఊళ్ళో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఒక పిల్లాడు కోడిని చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాడు. 'తాతా, బిస్మిల్లా చేసిమ్మంది మా అమ్మ' అనేవాడు. హిందువుల ఇళ్ళలో చాలామంది సాయిబు కోస్తేగానీ తినని రోజులవి. దాదా కోడికి ఇన్ని నీళ్ళు తాగించేవాడు. తక్కిన కోళ్ళ కంట పడకుండా పాక వెనక్కి తీసుకెళ్ళి కోసేవాడు. కత్తికి పదును లేకపోతే పని ముట్టుకునేవాడు కాదు. ఆ కోడి చాలాసార్లు పొద్దున మా దాదీమా దగ్గర కొన్నదే. కోసిన దాదా పేరు ఊరంతటికీ తెలుసు. పెంచిన దాదీమా పేరు ఎవరికీ తెలీదు. 'సాయిబు పెళ్ళాం' అనేవాళ్ళు, మర్యాదగా అయితే 'బూబమ్మ'.

తర్వాత తెల్లకోడి వచ్చింది. 1971లో డాక్టర్ బి.వి.రావు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టాక దేశంలో కోళ్ళ పెంపకం పెరట్లోంచి షెడ్లలోకి పోయింది. మా పక్కకి వచ్చేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఆరు వారాలకి రెండు కిలోలు తూగే కోడి. వేలకి వేలు ఒకే కప్పు కింద, ఊక మీద. పిల్లా కంపెనీదే, మేతా కంపెనీదే, మందూ కంపెనీదే, షెడ్డు మాత్రం రైతుది. కిలోకి ఇంతని కూలి. షెడ్డు వేయాలంటే భూమి కావాలి. భూమి ఉన్నవాళ్ళు షెడ్లు వేశారు. మాకు భూమి లేదు గనక కొట్టు వేశాం. అంటే పెంచటం వాళ్ళకి వెళ్ళింది, కోయటం మాకు మిగిలింది. మేం పుట్టుకతో కత్తి పట్టుకు వచ్చామనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

దాదీమా పెట్టలు ఒక చలికాలం కొక్కెర తెగులొచ్చి పోయాయి. ఆకుపచ్చ తెల్ల విరేచనాలు, మెడలు మెలితిరగటం, నాలుగు రోజుల్లో గంప ఖాళీ. మళ్ళీ పెట్టాలని ఆమె అంది. కొట్టు నిండా కోళ్ళుంటే ఇంకా పెరట్లో ఎందుకన్నారు మగాళ్ళు. గంపని అటక మీద పెట్టారు. ఆమె కొంగున డబ్బులు లేకుండా పోయిన సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక మా కొట్టుకి జనం రావటం మానేశారు. అడపాదడపా వచ్చినవాళ్ళు 'నాటుకోడి ఉంటే చెప్పు' అనేవాళ్ళు. కొట్లో నాటుకోడి లేదు. అది పెంచటం తెలిసిన మనిషి మాత్రం ఇంట్లో మంచంలో ఉంది. దాదీమా పోయాక చాలా ఏళ్ళకి, పెద్దకోడలు తమ్ముడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో వర్జీనియా అనే చోట జోయెల్ సాలటిన్ అనే రైతు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు గూడు. అడుగు లేదు, నేల మీదే. అందులో డెబ్బై ఎనభై కోళ్ళు. రోజూ పొద్దున్నే ఆ గూడుని దాని నిడివి మేర ముందుకి జరుపుతాడు. కోళ్ళు లోపల నడుచుకుంటూ కొత్త పచ్చిక మీదికి వస్తాయి. 1993లో దీని మీద పుస్తకం కూడా రాశాడట. అమ్మీ ఫోన్ కాసేపు చూసింది. 'ఇది మన గంపే కదే! మీ దాదీమా పుస్తకం రాయలేదు, అంతే' అంది.

ఆ మాటతో మొదలుపెట్టాం. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకున్నాం. వర్జీనియా గూడు మా చేతులకి బరువు. అందుకని పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు పెట్టాం. వెదురు బొంగులు చట్రానికి, పాత చేపల వల చుట్టూతా, సగం పైన తాటాకు కప్పు. వల ఒక్కటే అయితే కుక్క కొరికేస్తుంది. నేల నించి అడుగున్నర దాకా వెదురు తడిక కట్టాం. రెండు వైపులా బొంగులు బయటికి వదిలాం, పల్లకీకి ఉన్నట్టు. ముందిద్దరం, వెనక ఇద్దరం. బెత్తెడు ఎత్తు లేపి మెల్లగా నడవాలి. తొందరపడితే వెనక తడిక కింద కోడి కాలు పడుతుంది. మొదటి వారం కోళ్ళకి అర్థం కాదు, బెదురుతాయి. రెండో వారానికి మా అడుగుల చప్పుడు వినగానే ముందు తడిక దగ్గరికి వచ్చి నిలబడతాయి.

గూడుకి పాతిక కోళ్ళు. నాలుగు గూళ్ళు. తెల్లకోడి ఈ పనికి రాదని కాదు, వర్జీనియాలో పెంచేది దాని చుట్టాన్నే. కానీ మా ఎండకి అది ఆగలేదు, మా గిరాకీ కూడా దానికి లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, అక్కడి వెటర్నరీ కాలేజీ రాజశ్రీ, వాటితో కలిపి మా దగ్గరి నాటు పిల్లలు. నెల రోజులు ఇంట్లోనే, ఊక పరిచి, చుట్టూ రేకు కట్టి, బల్బు వేడిలో. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీటు ఉండాలి, వారానికి అయిదు చొప్పున తగ్గించాలి. కొలిచే సాధనం లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుంటే సరి. అయిదో రోజుకీ ఏడో రోజుకీ మధ్య కంట్లో లసోటా చుక్క, రెండు వారాలకి గంబోరో చుక్క, ఎనిమిది వారాలకి రెక్క కింద ఆర్టూబీ సూది. దాదీమాకి తెలిసినవన్నీ మాకు తెలీవు గానీ, ఈ ఒక్క సూది ఆమెకి తెలిసుంటే ఆ చలికాలం గంప ఖాళీ అయ్యేది కాదు.

నెల తర్వాత గూట్లోకి. పచ్చిక మీద వేస్తే మేత ఖర్చు లేదని కొందరు చెప్తారు. నమ్మొద్దు. గరిక, ఎర్రలు, మిడతలు కొంతవరకే. మాంసం పట్టాలంటే నూకలు, తవుడు, మొక్కజొన్న రవ్వ, ఎండు చేపల పొట్టు పెట్టాల్సిందే. పచ్చికతో వచ్చే లాభం వేరే. కోడి తన పెంట మీద తాను పడుకోదు. రోజూ కొత్త నేల గనక వాసన ఉండదు, రక్త విరేచనాలు తగ్గుతాయి. కాళ్ళు గట్టిపడతాయి. మూడు నెలలు దాటేసరికి కిలోన్నర దాకా వస్తుంది. ఇక నేలకి దక్కేది పెంట. గూడు నిన్న ఉన్న చోటు ఇవాళ తొక్కినట్టు, వాడినట్టు ఉంటుంది. రెండు వారాలు ఆగి చూడండి. తోటలో గళ్ళు గళ్ళుగా ముదురాకుపచ్చ. మా గూడు ఏ రోజు ఎక్కడుందో ఆ గడ్డి చెప్తుంది.

ఇక్కడ మీకో లెక్క చెప్పాలి. ఒక గూడు అరవై చదరపు అడుగులు. ఎకరం 43,560. నాలుగు గూళ్ళు రోజుకి ఒకసారి జరిపితే, తొక్కిన చోటు మళ్ళీ తొక్కకుండా ఎకరంలో ఆర్నెల్లు తిరగొచ్చు. ఒక బ్యాచి డెబ్బై రోజులు గూట్లో ఉంటుందనుకుంటే నలభై సెంట్లు చాలు. నలభై సెంట్లు! మాకున్నది ఇల్లున్న రెండు సెంట్లు. సాలటిన్ కుటుంబం ఆ పొలాన్ని 1961లో కొనుక్కుంది. ఆయన గూడు ఎంత జరిగినా ఆయన నేల మీదే జరుగుతుంది. మా గూడు మొదటి రోజు నించీ పరాయి నేల మీదే.

ఏటి కరకట్టకి లోపలివైపు ఒక కొబ్బరి తోట. ఆసామిని అడిగాం. మంచిమనిషి. వరసల మధ్య గడ్డే కదా, పెట్టుకోండి అన్నాడు. ఏడాదికి ఇంతని కౌలు మాట్లాడాడు. అప్పుడు అమ్మీకి అనుమానమొచ్చింది. ఎండాకాలం మా మాగాణుల్లో గొర్రెల మంద కడతారు, మీరూ చూసే ఉంటారు. రాత్రి తడికల మధ్య గొర్రెల్ని పడుకోబెడతారు, మర్నాడు తడికలు పక్కకి జరుపుతారు. చేను నిండా పెంట. అందుకు రైతే గొర్రెలవాళ్ళకి డబ్బో వడ్లో ఇస్తాడు. మేం చేసేదీ అదే కదా. ఆయన నేలకి మా కోళ్ళు బలం పెడుతున్నాయి. మరి కౌలు మేమెందుకు ఇవ్వాలి? అడుగుదామనుకున్నాం. 'మొదట్లోనే పేచీ ఎందుకు, ఇచ్చిందే ఎక్కువ' అన్నారు మగాళ్ళు. ఇవ్వకపోతే ఏం చేస్తామన్న భయం మాకూ ఉంది. కౌలు ఇచ్చాం.

మా కోళ్ళకి రెండు పంచాంగాలు. కనుమ నాడు ఈ సీమలో మాంసం లేని ఇల్లు తక్కువ. ఏడాదిలో మా పెద్ద సంత అదే. కనుమకి కోడి తూగాలంటే అక్టోబర్ మొదట్లో పిల్లలు దిగాలి. కార్తీకంలో ఎవరూ కొనరు, ఆ పైన అయ్యప్ప మాలలు. ఆ నెలల్లో కోడి గూట్లో పెరుగుతూ ఉండాలి, అమ్మకానికి రాకూడదు. శ్రావణానికి ముందే ఇంకో బ్యాచి తెమలాలి. దసరాకి ఒకటి. ఈ తిథులన్నీ అమ్మీకి నోటికొచ్చు. ఇక రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది గనక దాన్ని వెంటాడుతూ లెక్క వేసుకోవాలి. 2030లో సంక్రాంతి రంజాన్ నెలలోనే పడుతుంది. ఆ జనవరికి గూళ్ళు రెట్టింపు చేయాలని ఇప్పట్నించే మా చిన్నకోడలు అంటోంది. మీరు ఏ సంస్కృతికి చెందినవాళ్ళని అడిగేవాళ్ళకి మేం చూపించగలిగింది ఈ కోళ్ళ లెక్కల పుస్తకమే. అందులో కనుమా ఉంది, బక్రీదూ ఉంది, రెండూ మా చేతిరాతే.

మా ఇంటి సంగతి కూడా దాచం. పిల్లల్ని దింపింది మేం, సూది వేసింది మేం, గూడు మోసింది మేం. అమ్ముడుపోయే రోజు మాత్రం కోయటానికి మగమనిషి రావాలి. అన్నయ్య కొట్లో ఉంటే కొన్నవాళ్ళు గుమ్మంలో నిలబడాలి. మేం కోస్తామన్నాం ఒకరోజు. ఇంట్లో తుఫాను. ఆడది కోస్తే హలాల్ కాదన్నాడొక చుట్టం. ఆయన చెప్పింది తప్పు. ఆడమనిషి జిబహ్ చేసినా చెల్లుతుంది. మేకల కాపరి పిల్ల ఒకతె చావబోతున్న మేకని రాతి పలుకుతో కోస్తే దాన్ని తినమని ప్రవక్త చెప్పినట్టు బుఖారీ హదీసుల్లోనే ఉంది. మసీదు హజ్రత్ కూడా ఔనన్నారు. 'మాట నిజమే బేటీ, మన పక్కన రివాజు లేదు' అన్నారు. ధర్మం ఒప్పుకున్నది రివాజు ఒప్పుకోదు. అంటే ఊరు మాకు అంటగట్టిన కత్తి కూడా మాది కాదు. ఊరి దృష్టిలో మేం కోసేవాళ్ళం, ఇంటి దృష్టిలో కోయరానివాళ్ళం. రెండు చోట్లా పెంచేవాళ్ళం మాత్రం కాదు.

2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఉగాది రోజుల్లో, కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం లేచింది. ఎక్కడి కర్ణాటక, ఎక్కడి పెనుమూడి. కానీ ఫోన్లకి దూరం లేదు. ఒక నెల తిరక్కుండా ఆ వీడియోలు తెలుగు మాటలతో మా ఊరి గ్రూపుల్లోకి వచ్చాయి. ఆసామి కొడుకు హైదరాబాద్ నించి వచ్చాడు. తోటకొచ్చి గూళ్ళ చుట్టూ తిరిగాడు. కోళ్ళు బావున్నాయన్నాడు. తర్వాత అన్నాడు, 'కోళ్ళ గురించి కాదమ్మా. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. కొన్నాళ్ళు గూళ్ళు తీసేయండి.'

ఎవరా నలుగురు? అడిగాం. చెప్పలేదు. మా కోళ్ళు కొనేవాళ్ళలో ముప్పాతిక మంది హిందువులే. వాళ్ళెవరూ ఏమీ అనలేదు. కొన్న కోడికి పసుపు రాసి, తాటాకు మంట మీద కాల్చిమ్మని అడుగుతారు, కాల్చిస్తాం. 'పిన్నీ, ఈసారి పుంజు కావాలి' అంటారు. ఆ మాటలన్నిటికన్నా మొహం లేని ఆ నలుగురి మాట బరువైపోయింది. 2023 నవంబర్లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ ఉన్న ఆహార సరుకుల తయారీ, నిల్వ, అమ్మకాల్ని నిషేధించింది, ఎగుమతులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. పరాయి దేశం వాడికి అమ్మొచ్చు, పక్కింటివాడికి కూడదు. ఆ వార్త చదివిన రోజు మాకు తోట గుర్తొచ్చింది.

గూళ్ళు తీసుకెళ్ళి కరకట్ట వాలు మీద పెట్టాం. పోరంబోకు. గడ్డి బాగానే ఉంటుంది గానీ వాలు గనక కింది తడిక దగ్గర సందు పడుతుంది, అందులోంచి ముంగిస దూరుతుంది. రోజూ ఎండుగడ్డి మోపులు కుక్కేవాళ్ళం. ఎవరైనా వచ్చి తీసెయ్యమంటే తీసెయ్యాల్సిందే. రెండేళ్ళు అట్లా గడిచింది.

2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వరదొచ్చింది. 2009 అక్టోబర్లో 11 లక్షల క్యూసెక్కులు చూసినవాళ్ళం. ఈసారి అది కూడా దాటింది, ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షలు. ఏటివైపు తోటలన్నీ మునిగాయి. మా గూళ్ళు వాలు మీద నించి కట్ట పైకి మోసుకొచ్చాం. నాలుగు గూళ్ళకి గంట కూడా పట్టలేదు. మోయటానికే కట్టినవి కదా. జనం గేదెల్ని తోలుకొచ్చారు, మేకల్ని, మంచాల్ని, గ్యాస్ బండల్ని తెచ్చారు. కోళ్ళని ఏం చేయాలో ఎవరికీ తెలీలేదు. ఒకరు, ఇద్దరు, ఆ తర్వాత చాలామంది, 'మీ గూట్లో వేస్తామమ్మా' అన్నారు. కాలికి గుడ్డపీలిక కట్టి వేశారు. ఎర్ర పీలిక వాళ్ళవి, పచ్చ పీలిక వీళ్ళవి. పీలిక లేనివి మావి.

ఆ వరదలో మేం ఊరందరికీ కోడికూర వండిపెట్టామనీ, దాంతో మనసులు కరిగాయనీ రాస్తే మీకు బావుంటుంది. మంచి ముస్లిం కథ అవుతుంది. అట్లా ఏం జరగలేదు. అందరం వచ్చిన పులిహోర పొట్లాలు తిన్నాం. నీళ్ళు తీశాక ఎవరి పీలిక చూసుకుని వాళ్ళు కోళ్ళని పట్టుకుపోయారు. ఒక పెట్ట దగ్గర తగాదా కూడా వచ్చింది, పీలిక ఊడిపోయి. కానీ ఒకటి జరిగింది. ఆ నాలుగు రోజులూ కట్ట మీద ఎవరికీ సొంత నేల లేదు. ఎకరాలున్నవాళ్ళూ పోరంబోకు మీదే పడుకున్నారు. కోళ్ళు ఎట్లా పెంచాలో, ఏ మందు ఎప్పుడు వేయాలో, గూడు ఎట్లా కట్టాలో అప్పుడు మమ్మల్ని అడిగారు. కొట్టు సంగతి ఎవరూ అడగలేదు.

సంక్రాంతి దాటాక ఆసామే స్వయంగా వచ్చాడు. తోటలో ఒండ్రు మీద గడ్డి నడుమెత్తు పెరిగింది. కలుపుకి కూలీలు దొరకటం లేదు. 'మళ్ళీ పెట్టుకోండమ్మా' అన్నాడు. మనసు మారి వచ్చాడో గడ్డి పెరిగి వచ్చాడో మేం తవ్వలేదు. ఈసారి మగాళ్ళని మాట్లాడనివ్వలేదు. అమ్మీ చెప్పింది, 'మంద లెక్కన అయితే వస్తాం. గొర్రెలవాళ్ళకి మీరు ఇస్తారు. మాకు ఇవ్వొద్దు, మేమూ ఇవ్వం.' ఆయన నవ్వాడు. కోళ్ళకి మంద లెక్కేంటన్నాడు. పక్క తోటవాళ్ళు కూడా అడుగుతున్నారని చెప్పాం. అది నిజమే. రెండు రోజులు ఆగి సరేనన్నాడు. ఫలానావాళ్ళు మా తోటలో కోళ్ళు పెంచుకుంటున్నారని కాయితం రాసిమ్మన్నాం. అది మాత్రం ఇవ్వనన్నాడు. రాష్ట్రంలో 2019 చట్టం కింద కౌలు రైతుకి పదకొండు నెలల కార్డు ఇస్తారు, అదీ యజమాని ఒప్పుకుంటేనే, అదీ పంట వేసేవాళ్ళకే. కోళ్ళకి అట్లాంటి కార్డు లేదు. కాయితం లేనిదే బ్యాంకు అప్పు లేదు. అప్పు లేనిదే నాలుగు గూళ్ళు ఎనిమిది కావు.

మమ్మల్ని ఎక్కడి నించి వచ్చారని అడుగుతుంటారు. మేం ఎక్కడి నించీ రాలేదు. మా గూడు జరుగుతుంది గానీ మేం జరగలేదు. దాదీమా కబరస్థాన్‌లో ఉంది, ఆమె గంప అటక మీద ఉంది, ఊరు అదే ఊరు. రోజుకి పదడుగుల చొప్పున ఈ నేల మీద మేం నడిచిన లెక్క మీ సర్వే రాళ్ళకి తెలీకపోవచ్చు. ఆ గడ్డికి తెలుసు.

ముస్లిం సోదరులకి ఒక మాట. మన ఇజ్జత్ గురించి రాస్తున్నారు, బావుంది. ఆ రాతల్లో ఇంటి వెనక నేల మీద వంగి పనిచేసేవాళ్ళకి కూడా కాస్త చోటివ్వండి. తక్కిన పాఠకులకి ఒక మాట. మమ్మల్ని ప్రేమించమని అడగటం లేదు. మేం చేసే పనికి పేరు పెట్టి పిలవమంటున్నాం.

మొన్నామధ్య ఇంటింటి లెక్కలు రాసుకోవటానికి వచ్చినవాళ్ళు మగాళ్ళ పేర్ల పక్కన 'మాంసం వ్యాపారం' అని రాశారు. మా నలుగురి పేర్ల పక్కన 'గృహిణి' అని రాశారు. అప్పుడు మేం తోటలో ఉన్నాం, గూళ్ళు జరుపుతున్నాం. 2027లో జనగణన ఉందట. ఆ రోజు గూళ్ళు పొద్దున్నే జరిపేసి ఇంటి దగ్గరే ఉంటాం. పని ఏమిటన్న గడిలో నలుగురికీ 'కోళ్ళ పెంపకం' అని రాయిస్తాం. రాసి, మాకు చదివి వినిపించిందాకా వచ్చినవాళ్ళని గుమ్మం దాటనివ్వం.